గోడలకు చెవులుంటాయి

“గోడలకు చెవులుంటాయి, కాస్త మెల్లిగా మాట్లాడండే!” అని పెద్దవాళ్ళు మందలించగా విననివాళ్ళు మనలో ఎవరున్నారు? ఎదురింటివాళ్ళ ఊసు ఎత్తేసరికి ఆ సామెత వచ్చి అడ్డంగా కూర్చునేది. అలాంటి మాటల్ని మనం మాటవరసకి అన్నవిగానే తీసుకుంటాం. నిజంగా గోడ వింటుందని ఎవరనుకుంటారు? కాని నేనివాళ చెప్పబోయేది నిజంగానే వినే గోడ గురించి. వినడమే కాదు, విన్నదాన్ని ఇంట్లోవాళ్ళకి చేరవేస్తుంది కూడాను. అది ఎదురింటి గోడ కాదు, మన ఒంట్లోదే. దాన్ని కట్టింది ఇటుకతోనూ సున్నంతోనూ కాదు, కొవ్వుతో!

మన శరీరం కోటానుకోట్ల జీవకణాల కాపురం. ఒక్కొక్క కణమూ ఒక్కొక్క ఇల్లు. ఆ ఇంటి చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానికి కణత్వచం అని పేరు పెట్టారు. మనం మాత్రం ఇంటిభాషలో గోడ అనుకుందాం. ఎంత పలుచనంటే, అలాంటివి రెండు లక్షలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఒక్క మిల్లీమీటరు మందం అవుతుంది. ఈ గోడలో ముఖ్యమైన సరుకు లిపిడ్లు, అంటే కొవ్వు జాతి పదార్థాలు. కొవ్వు అనగానే మనకి నడుమూ, నిలువుటద్దమూ, డాక్టరుగారి చీవాట్లూ గుర్తొస్తాయి. కాని ఈ కొవ్వే లేకపోతే మనం ఉండనే ఉండం. లోపలి నీరూ బయటి నీరూ కలిసిపోయి, కణమనేదే మిగలదు.

ఈ గోడ సంగతి మనుషులకి ఎలా తెలిసిందన్నది పెద్ద కథ. అందులో గొప్ప గొప్ప లాబొరేటరీల కంటే ముందు ఒక వంటిల్లు వస్తుంది. ఇంకో విశేషం కూడా ఉంది. గోడ గురించి మొదట చెప్పినవాళ్ళ మాటని లోకం చాలాసార్లు వినిపించుకోలేదు. గోడకున్న చెవులు మనుషులకి లేకపోయాయన్నమాట.

నూనె నీళ్ళమీద పరుచుకోవడం మనకేం కొత్త కాదు. చారులో పోపు పడగానే మెరిసే చుక్కలు చూస్తూనే ఉంటాం. పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్, లండన్ దగ్గర క్లాఫమ్ అనే చోట ఒక చెరువులో చెంచాడు నూనె పోసి చూశాడు. గాలికి రేగుతున్న అలలు అణిగి, దాదాపు అర ఎకరం మేర నీళ్ళు అద్దంలా అయ్యాయి. ఆ సంగతి 1774లో అచ్చయింది. చెంచాడు నూనె అర ఎకరం పరుచుకుంటే పొర మందం ఎంత? లెక్క కడితే మిల్లీమీటరులో పదిలక్షల వంతుకి దగ్గరగా తేలుతుంది. అంటే ఒక్క అణువు మందం! ఫ్రాంక్లిన్ ఆ లెక్క కట్టలేదు. ఆ పని నూరేళ్ళకి పైగా అలాగే ఉండిపోయింది.

దాన్ని చేతిలోకి తీసుకున్నది ఒక ఆడపిల్ల. పేరు ఆగ్నెస్ పాకెల్స్. 1862లో పుట్టింది. వాళ్ళది జర్మనీలో బ్రౌన్ష్‌వైగ్ అనే ఊరు. చదువంటే ప్రాణం, ముఖ్యంగా భౌతికశాస్త్రం. కాని ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్ళని చేర్చుకునేవారు కాదు. తమ్ముడు ఫ్రిట్జ్ చక్కగా కాలేజీకి వెళ్ళాడు. అక్క ఇంట్లో ఉండి, జబ్బుపడ్డ తల్లిదండ్రులకి సేవ చేస్తూ, వండుతూ, గిన్నెలు చూసుకుంటూ ఉండిపోయింది. తమ్ముడు మంచివాడు. తన పుస్తకాలు అక్కకి పంపేవాడు. అవి చదువుకుంటూ, ఎదురుగా తొట్టెలో ఉన్న జిడ్డునీళ్ళ వంక చూసింది ఆవిడ. గిన్నెలు కడిగిన నీళ్ళమీద జిడ్డు చేరితే పైపొర గుణం మారిపోతోంది. ఎంత జిడ్డుకి ఎంత మార్పు?

రోజూ గిన్నెలు కడిగేవాళ్ళం మనమూ ఉన్నాం. ఎప్పుడైనా ఈ ప్రశ్న వేసుకున్నామా?

ఆవిడ వేసుకుని ఊరుకోలేదు. ఒక రేకు తొట్టె చేయించింది. పొడవు 70 సెంటీమీటర్లు, వెడల్పు 5, ఎత్తు 2. దాని నిండా నీళ్ళు పోసి, అడ్డంగా ఒక రేకు బద్ద పెట్టి అటూ ఇటూ జరిపేది. బద్ద జరిగితే నీటిమీది జిడ్డు పొర వ్యాకోచిస్తుంది, లేదా ఇరుకున పడుతుంది. ఒక చిన్న బిళ్ళని నీటికి ఆనించి, త్రాసుతో పైకి లాగి, ఎంత బలం పడితే ఊడివస్తుందో కొలిచేది. ఇరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టిన ఈ పని దాదాపు పదేళ్ళు సాగింది. చెప్పుకుందామంటే వినేవాళ్ళెవరు?

1891 జనవరిలో ధైర్యం చేసి ఇంగ్లండులో లార్డ్ రాలే అనే మహాశాస్త్రజ్ఞుడికి జర్మన్ భాషలో ఉత్తరం రాసింది. తన ఫలితాలు పత్రికల్లో వేయించుకునే వీలు తనకి లేదనీ, అందుకే ఆయనకి విన్నవిస్తున్నాననీ అందులోని సారాంశం. ఆ ఉత్తరాన్ని రాలే భార్యే ఇంగ్లీషులోకి తర్జుమా చేసిందంటారు. రాలేగారు కూడా సరిగ్గా అదే పనిలో ఉన్నారు. మరొకరైతే ఉత్తరం సొరుగులో పడేసి ఊరుకునేవారేమో! ఆయన మాత్రం ఇంటి సామానుతోనే విలువైన ఫలితాలు సాధించిన మహిళ అని మెచ్చుకుంటూ ‘నేచర్’ పత్రికకి పంపారు. 1891 మార్చిలో అది అచ్చయింది. తరవాత అమెరికాలో లాంగ్‌మ్యూర్ అనే ఆయన ఆ తొట్టెనే మెరుగుపరిచి, ఆ పొరల శాస్త్రానికి 1932లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అదే ఏడాది బ్రౌన్ష్‌వైగ్‌లోని విశ్వవిద్యాలయం పాకెల్స్‌గారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆవిడ వయసు డెబ్బై. మరి మూడేళ్ళకి కన్నుమూసింది.

ఈ తొట్టెకీ మన ఒంటి గోడకీ చుట్టరికం ఏమిటంటారా? అక్కడికే వస్తున్నాను. 1890ల్లో జూరిచ్‌లో ఓవర్టన్ అనే ఆయన వందలాది పదార్థాలు కణాల్లోకి ఎలా వెళ్తున్నాయో పరీక్షించి, నూనెలో కరిగేవాటికి కణం సులువుగా దారి ఇస్తోందని గమనించాడు. అంటే తలుపు నూనె జాతిదే అయి ఉండాలి! 1925లో హాలండులో లైడెన్ పట్టణంలో హోర్టర్, హ్రెండెల్ అని ఇద్దరు ఇంకో అడుగు వేశారు. హోర్టర్‌గారు పిల్లల డాక్టరు. రక్తంలోని ఎర్రకణాల్లోంచి కొవ్వంతా తీసి, అలాంటి తొట్టెలోనే నీళ్ళమీద పరిచారు. ఎంత వైశాల్యం వచ్చిందో కొలిచారు. అది కణాల పైభాగం వైశాల్యానికి సరిగ్గా రెట్టింపు తేలింది. అంటే గోడ ఒంటి వరస కాదు, రెండు వరసలు.

ఈ కొవ్వు అణువుల తమాషా చూడండి. ప్రతిదానికీ నీళ్ళంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్ళంటే గిట్టని తోకలు రెండు. పెళ్ళిలో రెండు బంతులవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని కాళ్ళు మధ్యకి చాపుకున్నారనుకోండి. తలలు బయటికి, కాళ్ళు లోపలికి. అదీ గోడ. ఇంకో సంగతి. వాళ్ళిద్దరూ కొవ్వుని పూర్తిగా తియ్యలేకపోయారు, కణం వైశాల్యాన్నీ తక్కువగానే లెక్కకట్టారు. రెండు లోపాలూ ఒకదానితో ఒకటి చెల్లుకుని జవాబు మాత్రం సరిగ్గా వచ్చింది!

ఆ 1925లోనే అమెరికాలో బోస్టన్ నగరంలో మన తెలుగు బిడ్డ ఒకాయన రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని, అదే ఫాస్ఫరస్‌ని, కొలిచే పద్ధతి కనిపెట్టారు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే ఆయన. ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి చేశారు కనుక దానికి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని పేరు. భాస్వరం ఎంత ఉంటే నీలిరంగు అంత చిక్కబడుతుంది. రంగు చూసి లెక్క చెప్పవచ్చు. కణాల గోడలోని కొవ్వుల్లో చాలా భాగం భాస్వరం ఉన్నవే, వాటిని ఫాస్ఫోలిపిడ్లు అంటారు. అందుకని గోడని చదవాలనుకున్న రసాయనజ్ఞులకి ఆ నీలిరంగు తరాల తరబడి చేతి కొలతైంది. మన ఊళ్ళ కుర్రాడి కొలతతో ప్రపంచం కొవ్వుల లెక్క కట్టింది!

సరే, గోడ ఉందని తేలింది. గోడలో ఏముందన్నదానికి మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి. లండన్‌లో స్థిరపడ్డ జర్మన్ డాక్టరు థూడికుమ్ అని ఒకాయన ఉండేవాడు. భోజనప్రియుడు. వంటమీద లావుపాటి గ్రంథమే రాశాడు, 1895లో వచ్చింది. అంతకు ముందు 1884లో ఇంకో గ్రంథం రాశాడు, అది మెదడు గురించి. మెదడు నుంచి కొవ్వుల్ని ఓపికగా వేరుచేసి, ఒక్కొక్కదానికీ పేరు పెట్టాడు. అందులో ఒకటి ఎంతకీ కొరుకుడు పడలేదు. గ్రీకు కథల్లో స్ఫింక్స్ అని ఒక వింత జీవి ఉంది. మన యక్షుడిలాగే దారినపోయేవాళ్ళని ప్రశ్నలడిగి, చెప్పలేనివాళ్ళ ప్రాణం తీస్తుంది. దాని పేరుమీద ఈ కొవ్వు దినుసుకి స్ఫింగోసీన్ అని పేరు పెట్టాడు. ఆ కాలపు పెద్దలు ఆయన్ని వెక్కిరించారు, నీ లెక్కలు తప్పన్నారు. 1901లో ఆయన పోయాక గాని ఆయన చెప్పినవాటిలో చాలా భాగం నిజమని ఒప్పుకోలేదు.

ఈ యక్షప్రశ్నకి జవాబు చెప్పలేక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు. 1882లో పారిస్‌లో గోషే అనే వైద్యవిద్యార్థి ఒక స్త్రీని చూశాడు. ముప్ఫై రెండేళ్ళది. ప్లీహం విపరీతంగా ఉబ్బిపోయింది. అది కంతి అనుకున్నాడాయన. అసలు సంగతి వేరు. మన ఒంట్లో పాత రక్తకణాల్ని పడగొట్టి, గోడల సరుకుని విడదీసి సర్దే కణాలున్నాయి. స్ఫింగోసీన్ కుటుంబపు కొవ్వుని విడదీసే ఎంజైము ఒకటి పుట్టుకతోనే లోపిస్తే, పడగొట్టిన ఇంటి శిథిలాలు వీధిలోనే పేరుకుపోయినట్టు ఆ కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, ఎముకల్లో పేరుకుంటుంది. ఆ ఎంజైము లోపాన్ని 1965లో అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం పట్టుకుంది. లోపించినదాన్ని బయటనుంచి ఇవ్వాలి. ఎక్కడ దొరుకుతుంది? పురిటిగదిలో! బిడ్డ పుట్టాక పారేసే మాయలో ఆ ఎంజైము ఉంది. వేలకొద్దీ మాయల్ని పోగుచేసి, వాటినుంచి మందు తీశారు. 1991లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. తరవాత ఆ ఎంజైమునే కణాల్లో తయారు చేయించడం నేర్చుకున్నారు గనుక ఇప్పుడు మాయల అవసరం లేదు. కాని ఎక్కడో ముక్కూ మొహం తెలియని తల్లుల పురుళ్ళు ఇంకెక్కడో పిల్లల్ని బతికించాయి. ఈ ముక్క చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంతవరకూ గోడ గోడగానే ఉంది. కొవ్వు పని అడ్డుగా నిలబడటమేనని అందరి నమ్మకం. కబుర్లు మోసేది ప్రోటీన్లూ హార్మోన్లూ, కొవ్వు పాపం మూగది అనుకున్నారు. అది మూగది కాదని మొదట సూచించినవాళ్ళు ఒక దంపతులు, మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్. 1953లో కెనడాలో మాంట్రియల్‌లో పనిచేస్తున్నారు. పావురం క్లోమాన్ని పలుచని ముక్కలుగా కోసి, దానికి అసిటైల్‌కొలీన్ అనే పదార్థం తగిలించారు. నరాలు కణాలకి కబురు పంపేది దీనితోనే. కబురు అందగానే క్లోమం జీర్ణరసం విడుదల చేస్తుంది, అది తెలిసిన సంగతే. తెలియనిది ఇంకొకటి జరిగింది. వాళ్ళు జాడ తెలియడం కోసం కలిపిన రేడియోధార్మిక భాస్వరం పోయి పోయి గోడలోని కొవ్వుల్లో చేరింది! తలుపు తట్టినవాడు బయటే ఉన్నాడు. లోపల గోడకి కొత్తగా పూత పడుతోంది. ఎందుకు?

ఎందుకో ఇరవై ఏళ్ళకి పైగా ఎవరికీ అంతుపట్టలేదు. చాలామంది పట్టించుకోనూ లేదు. ఈలోగా గోడ రూపం మరింత తేటపడింది. 1972లో సింగర్, నికల్సన్ అని ఇద్దరు గోడ గట్టిగా బిగుసుకున్నది కాదనీ, నూనెలా పారాడుతూ ఉంటుందనీ, ప్రోటీన్లు అందులో తేలుతుంటాయనీ వివరించారు. 1975లో ఇంగ్లండులో మిషెల్ అనే ఆయన హోకిన్ దంపతుల పాత ఫలితాల్నీ ఇతరులవీ ముందు వేసుకుని, ఈ కొవ్వు మార్పుకీ కణంలో కాల్షియం పెరగడానికీ సంబంధం ఉందన్నాడు. కేంబ్రిడ్జ్‌లో బెరిడ్జ్ అనే ఆయన పెద్ద ఈగల లాలాజల గ్రంథులతో తంటాలు పడి ఆ దారినే వెళ్ళాడు. 1983లో ముడి వీడింది.

జరిగేది ఇదీ. కబురు తెచ్చినవాడు వచ్చి గుమ్మంలో తలుపు తడతాడు. లోపలికి రాడు. తట్టిన అదురుకి గోడలోంచి ఒక పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చు ఊడేది గోడలో నూటికి ఒక పాలు ఉండే ప్రత్యేకమైన కొవ్వులోంచి. అది రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క నీళ్ళలో కరిగేది, తిన్నగా ఇంటి లోపలికి వెళ్ళి కాల్షియం కొట్టుకి తాళం తీస్తుంది. రెండోది కొవ్వు ముక్క, గోడలోనే ఉండి అక్కడి ఒక ఎంజైముని నిద్ర లేపుతుంది. ఆ రెండోదాని కథ చెప్పినవాడు జపానులో కోబె నగరానికి చెందిన నిషిజుకా. రెండూ కలిసి కణాన్ని పనిలో దింపుతాయి. తరవాత ఊడినచోట గోడ మళ్ళీ పూత వేసుకుంటుంది. 1953లో మేబెల్, లోవెల్ చూసింది ఆ పూతే! పెచ్చు ఊడటం ఎవరికీ తెలియకముందే వాళ్ళ కళ్ళకి పూత పని కనిపించింది. ఈ పరిశోధనకి ఇతర గొప్ప బహుమతులు వచ్చాయి గాని, నోబెల్ మాత్రం ఎవరికీ రాలేదు.

ఈ రెండో ముక్కకి దొంగవేషం వేసేది మన నేపాళపు గింజలో ఉంది. నేపాళం అంటే విరేచనాలకి పెట్టింది పేరు కదా! దాని నూనె చర్మానికి తగిలితే మండుతుంది. క్యాన్సరుకి బీజం పడ్డ ఎలుకల చర్మానికి పదే పదే రాస్తే కంతులు పెరుగుతాయని 1940ల్లోనే తెలుసు. ఎందుకో తెలియదు. 1982లో నిషిజుకా బృందం కారణం పట్టుకుంది. నేపాళం నూనెలోని పదార్థం అచ్చం ఆ కొవ్వు ముక్కలాగే నటించి ఎంజైముని నిద్ర లేపుతుంది. అసలు ముక్క పని కాగానే మాయమవుతుంది. ఇది కదలదు. ఎప్పుడో వచ్చిన చుట్టం పోకుండా తిష్ట వేసినట్టు, ‘పెరుగు, పెరుగు’ అని పోరుతూనే ఉంటుంది.

గోడ వినికిడి చెడితే ఎంత ముప్పో చూశారా? ఇంకో ఉదాహరణ మనకి మరీ దగ్గరది. 1980ల చివర అమెరికాలో కాంట్లీ అనే ఆయన బృందం గోడలోని అదే జాతి కొవ్వుకి ఇంకొక చోట భాస్వరం బొట్టు పెట్టే ఎంజైముని గుర్తించింది. బొట్టు కనిపిస్తే కణం ‘పెరగవచ్చు, విభజన పొందవచ్చు’ అని అర్థం చేసుకుంటుంది. పని కాగానే బొట్టు చెరిపేసే ఎంజైము వేరే ఉంది, 1997లో దొరికింది. బొట్టు పెట్టే చెయ్యి ఆగకపోయినా, చెరిపే చెయ్యి పడిపోయినా కణం ఆగకుండా పెరుగుతుంది. హార్మోన్ల మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్లలో నూటికి దాదాపు నలభైలో ఆ బొట్టు పెట్టే ఎంజైము జీన్ చెడి ఉంటుంది. ముదిరిన అలాంటి కేసుల్లో ఆ చేతిని పట్టుకుని ఆపే మందుకి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. పావురం క్లోమం ముక్క నుంచి ఇక్కడికి అరవై ఆరేళ్ళు పట్టింది.

గోడ వినడమే కాదు, కేకలు కూడా వేస్తుంది. ఈ సంగతి ఆడవాళ్ళం తప్పక తెలుసుకోవాలి. 1929లో మినెసోటాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే ఇంకో దంపతులు ఎలుకలకి కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టారు. తోకలమీద పొలుసులు లేచాయి, మూత్రపిండాలు చెడ్డాయి, చివరికి చచ్చిపోయాయి. కొద్ది చుక్కల లినోలిక్ ఆమ్లంతో కోలుకున్నాయి. కొవ్వంటే ఒట్టి ఇంధనమనే నమ్మకం పాతుకుపోయిన రోజులవి. మొదట చాలామంది నమ్మలేదు. మన నువ్వుల నూనెలో, వేరుశెనగ నూనెలో, పొద్దుతిరుగుడు నూనెలో ఆ ఆమ్లం ఉంది, కొబ్బరినూనెలో చాలా తక్కువ. శరీరం దాన్ని సొంతంగా చేసుకోలేదు. దానినుంచే అరాకిడోనిక్ ఆమ్లం తయారై కణాల గోడల్లో చేరుతుంది.

1935లో స్వీడన్‌లో ఫన్ ఆయిలర్ అనే ఆయన పురుషుల ప్రొస్టేట్ గ్రంథిలోంచి వస్తోందనుకుని ఒక పదార్థానికి ప్రొస్టాగ్లాండిన్ అని పేరు పెట్టాడు. అది ఒంట్లో దాదాపు ప్రతి చోటా పుడుతుందని తరవాత తేలింది. పేరు మాత్రం మగవాళ్ళ పేరే నిలిచిపోయింది! 1964కల్లా ఇది గోడలోని అరాకిడోనిక్ ఆమ్లంతోనే తయారవుతుందని రుజువైంది. దెబ్బ తగిలితే, జ్వరం వస్తే, కణం తన గోడలోంచి ఆ ఆమ్లాన్ని కోసి ప్రొస్టాగ్లాండిన్ చేసి ఇరుగుపొరుగు కణాలకి కేక వేస్తుంది. వాపూ నొప్పీ ఆ కేకలే. 1899 నుంచి అమ్ముతున్న ఆస్పిరిన్ ఆ తయారీని ఆపుతుందని 1971లో లండన్‌లో జాన్ వేన్ కనిపెట్టాడు. అంటే లోకం డెబ్బై ఏళ్ళకి పైగా ఎలా పనిచేస్తుందో తెలియకుండానే ఆ మాత్ర మింగింది. 1982లో వేన్, బెర్గ్‌స్ట్రోమ్, సామ్యూల్సన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

మరి నెలనెలా వచ్చే ఆ కడుపునొప్పి సంగతి? ఎన్ని తరాల ఆడపిల్లలు బాధపడలేదు! “అంతా మనసులోనే ఉంటుందమ్మా, నరాల బలహీనత, పెళ్ళయితే అదే తగ్గుతుంది” అని ఇంటి పెద్దలే కాదు, డాక్టర్లూ అన్నారు. 1957లో ఇంగ్లండులో షెఫీల్డ్‌లో పికిల్స్ అనే ఆయన మనసుని కాదు, బహిష్టు స్రావాన్నే పరీక్షించాడు. గర్భాశయ కండరాన్ని గట్టిగా నొక్కేలా చేసే పదార్థం అందులో ఉంది. అది ప్రొస్టాగ్లాండినేనని తరవాత తేలింది. గర్భాశయం లోపలి పొర విడిపోయేటప్పుడు దాని కణాల గోడల్లోంచే అది పుట్టుకొస్తుంది. ఎక్కువ పుడితే ఎక్కువ నొప్పి. ప్రొస్టాగ్లాండిన్‌ని ఆపే మాత్రలు చాలామందికి ఉపశమనం ఇవ్వడంలో రహస్యమదే. ఊహ కాదు, బలహీనత కాదు, కొలవగల రసాయనం! అయితే కడుపులో పుండు పడకుండా కాపాడేది కూడా ప్రొస్టాగ్లాండినే కనుక, ఆ మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగకండి. డాక్టర్ని అడిగి వాడండి.

అదే ప్రొస్టాగ్లాండిన్ ప్రాణం నిలబెడుతుంది కూడా. కాన్పు తరవాత గర్భాశయం బిగుసుకోకపోతే రక్తం ధారగా పోతుంది. తల్లులు చనిపోయే పెద్ద కారణాల్లో ఇదొకటి. దీనికి వాడే ఇంజెక్షన్‌కి చల్లదనం కావాలి. కరెంటు సరిగ్గా లేని పల్లెలో ఎలా? ప్రొస్టాగ్లాండిన్‌ని పోలిన మిసోప్రొస్టాల్ మాత్రకి ఫ్రిజ్ అక్కర్లేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఈ పనికోసం దాన్ని అత్యవసర మందుల పట్టికలో చేర్చింది.

చూశారా, గోడని దొంగలు కూడా చదువుతారు. కలకత్తాలో డాక్టర్ శంభునాథ్ డే 1959లో కలరా క్రిమి ప్రాణం తీసేది ఒక విషంతోనని నిరూపించారు. ఆ విషం పేగు కణం గోడమీది ఒక కొవ్వుని గడియలా పట్టుకుని లోపలికి దూరుతుందని 1970ల్లో తేలింది. ఆ కొవ్వు థూడికుమ్‌గారి స్ఫింగోసీన్ వంశంలోదే. డేగారికి కూడా బతికుండగా దక్కవలసినంత పేరు దక్కలేదు.

ఈ కథంతా చదివాక నాకు పట్టుకున్న ఆలోచన ఒకటే. ఆగ్నెస్‌ది పదేళ్ళ నిరీక్షణ. థూడికుమ్‌ది జీవితకాలం. హోకిన్ దంపతులది ఇరవై ఏళ్ళకి పైమాట. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిన ఆడపిల్లలది ఎన్ని వందల ఏళ్ళో! ఎప్పుడూ ఒకటే జవాబు: “అదేం లేదులే, ఒట్టి కొవ్వు, ఒట్టి గోడ, ఒట్టి నీ ఊహ.” చివరికి ఆ ‘ఒట్టి’ అన్నదే అసలైనదని తేలింది.

రేపు మీ ఇంట్లో అమ్మాయి కడుపునొప్పని స్కూలు మానేసి పడుకుంటే “ఏమీ కాదులే, లే!” అని కసరకండి. పక్కన కూర్చుని ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళనుంచి అని అడగండి. నెలనెలా పని చేసుకోలేనంత నొప్పి అయితే డాక్టరుకి చూపించండి. ఒంట్లో ఉన్న కొవ్వు గోడే తలుపు తట్టినవాడి మాట విని జవాబు చెబుతోంది. పక్కనే ఉన్న మనం వినడానికేం?